ఆకలి – ఎరుక

పాఠం ఉద్దేశం

స్థూలకాయానికి శరీరంతోపాటు మనస్సుతో కూడా సంబంధం ఉందని, నిందవల్ల కాక అవగాహనవల్ల ఆహారపు అలవాట్లు మారుతాయని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆహారం ప్రాణాధారం. దాని కోసం మనిషి చేసిన పోరాటమే చాలావరకు మానవ చరిత్ర. ‘కోటి విద్యలు కూటి కొరకే’ అన్న సామెత ఆ పోరాటం నుంచే పుట్టింది. కరువు కాటకాలు తరచుగా వచ్చే రోజుల్లో కడుపునిండా అన్నం దొరకడమే గొప్ప భాగ్యం. కాలం మారింది. ఆకలితో బాధపడేవారు ఈనాటికీ ఉన్నారు. వారితోపాటు, అవసరానికి మించి తినడంవల్ల బాధపడేవారి సంఖ్య కూడా పెరుగుతున్నది. ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో ఈ రెండు బాధలూ పక్కపక్కనే కనిపించడం ఈ కాలపు విచిత్రం.

నిజామాబాదు జిల్లాలో బాన్సువాడ, బోధన్ పట్టణాల నడుమ రుద్రూర్ అనే ఊరు ఉన్నది. ఈ మార్పును అర్థం చేసుకోవడానికి ఆ ఊరి చుట్టూ ఉన్న నేల చక్కని ఉదాహరణ. మంజీర నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931లో పూర్తయింది. కాలువ నీరు రావడంతో ఈ ప్రాంతం వరిపొలాలతో, చెరకుతోటలతో కళకళలాడింది. బోధన్‌ను ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. 2015 డిసెంబరులో మూతపడేవరకు ఈ చుట్టుపక్కల రైతుల చెరకు ఆ కర్మాగారానికి చేరేది. రుద్రూర్‌లో నేటికీ ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం పనిచేస్తున్నది. ఆహార విజ్ఞాన, సాంకేతిక కళాశాల కూడా అక్కడే ఉన్నది. అన్నమూ చక్కెరా ఈ నేలకు దూరపు చుట్టాలు కావు, ఇంటి బిడ్డలు.

ఒకనాడు ఈ ప్రాంతపు రైతు జొన్నరొట్టె తిని, అంబలి తాగి, పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గుంకేదాకా పొలంలో వంగి పనిచేసేవాడు. తిన్నది ఒంటబట్టేలోగానే చెమటగా మారేది. నేడు జొన్నరొట్టె స్థానంలో మూడు పూటలా వరి అన్నం వచ్చింది. నాగలి స్థానంలో ట్రాక్టరు, కొడవలి స్థానంలో వరికోత యంత్రం వచ్చాయి. నడిచి వెళ్ళే దూరానికి మోటారు సైకిలు వచ్చింది. సాయంత్రపు కబుర్ల చోటును మొదట టెలివిజన్, ఆ తరువాత చేతిలోని ఫోను ఆక్రమించాయి. శ్రమ తగ్గింది, పళ్ళెంలోని అన్నం మాత్రం తగ్గలేదు.

స్థూలకాయం – కొలతలు

శరీరంలో కొవ్వు ఆరోగ్యానికి హాని కలిగించేంతగా పేరుకొనిపోయిన స్థితిని స్థూలకాయం అంటారు. దీనిని గుర్తించడానికి వైద్యులు ‘శరీర ద్రవ్యరాశి సూచిక’ అనే కొలతను వాడతారు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. 1.60 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న వ్యక్తి సూచిక 25. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 నుంచి అధిక బరువుగా, 30 నుంచి స్థూలకాయంగా పరిగణిస్తుంది. భారతీయులలో తక్కువ బరువు వద్దనే మధుమేహం, గుండె జబ్బులు తలెత్తుతున్నందువల్ల మన దేశపు వైద్య నిపుణులు 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి స్థూలకాయంగా భావించాలని 2009లో సూచించారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఈ అంకెలు నేరుగా వర్తించవు. వారి వయస్సును బట్టి, బాలుడా బాలికా అన్నదాన్ని బట్టి వేరే పట్టికలు ఉన్నాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో నూటికి సుమారు 30 మంది స్త్రీలు, 32 మంది పురుషులు అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారని తెలిపింది. ఆ సర్వే 25 సూచికనే హద్దుగా తీసుకొన్నది. ఇది నగరాలకు, సంపన్నులకు మాత్రమే పరిమితమైన సమస్య కాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

నింద పనిచేయదు

లావుగా ఉన్న వ్యక్తిని చూడగానే లోకం ఒక తీర్పు చెబుతుంది. ‘తిండిపోతు’, ‘సోమరి’ అన్న మాటలు సులభంగా నోట వస్తాయి. తరగతి గదిలో మారుపేర్లు పెడతారు. పెళ్ళిలో బంధువులు పదిమంది ముందు బరువు గురించి అడుగుతారు. అడిగినవారే మరుక్షణంలో ఇంకొక లడ్డు వడ్డిస్తారు. ఈ మాటలన్నిటి వెనుక ఒకే నమ్మకం ఉన్నది: సిగ్గుపడితే మనిషి మారుతాడు.

ఆ నమ్మకం సరికాదు. మొదటి సంగతి, బరువు కేవలం ఇష్టాయిష్టాలపై ఆధారపడినది కాదు. వంశపారంపర్యం, నిద్రలేమి, థైరాయిడ్ వంటి గ్రంథుల లోపాలు, కొన్ని రకాల మందులు, ఇంటి ఆర్థిక పరిస్థితి, చుట్టూ దొరికే ఆహారం – ఇవన్నీ కలిసి బరువును నిర్ణయిస్తాయి. రెండవ సంగతి, అవమానం మనోవ్యథను కలిగిస్తుంది. ఆ వ్యథను మరచిపోవడానికి చాలామందికి అందుబాటులో ఉన్న సాధనం మళ్ళీ తిండే. నింద తిండికి దారితీస్తుంది, తిండి బరువుకు, బరువు మరింత నిందకు దారితీస్తాయి. అవమానం పొందిన విద్యార్థి ఆటస్థలానికి రావడం మానుకొంటాడు. దానితో శరీరానికి ఉన్న కొద్దిపాటి వ్యాయామం కూడా దూరమవుతుంది.

నిందించినంత సులభంగానే లోకం ఉపవాసాన్ని కూడా ఉపదేశిస్తుంది. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట జ్వరపీడితునికి పనికివచ్చిందేమో కాని, స్థూలకాయానికి సరిపోదు. ఇందుకు చరిత్రలో ఒక గట్టి నిదర్శనం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులపై ఒక ప్రయోగం చేశాడు. వారందరూ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారే. ఆరు నెలలపాటు వారికి సగం కడుపుకు సరిపోయే ఆహారమే ఇచ్చారు. క్రమంగా వారికి తిండి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కాలక్షేపం చేశారు. ప్రయోగం ముగిసి కావలసినంత ఆహారం దొరికిన తరువాత కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలుగలేదు. వారు మనోబలం లేనివారు కారు. ఆరోగ్యవంతులని, స్థిరచిత్తులని పరీక్షించి ఎంపిక చేసినవారు. కఠినమైన ఆకలి ఎంతటివారి మనస్సునైనా తిండికి బందీని చేస్తుందని ఈ ప్రయోగం నిరూపించింది.

కడుపు ఆకలి, మనసు ఆకలి

ఆకలి రెండు విధాలు. కడుపు ఆకలి మెల్లగా మొదలవుతుంది, అన్నమైనా రొట్టె అయినా సరే అంటుంది, తిన్న తరువాత శాంతిస్తుంది. మనసు ఆకలి హఠాత్తుగా పుడుతుంది. అది ఫలానా తీపి కావాలని, ఫలానా కారం కావాలని పట్టుబడుతుంది. కడుపు నిండినా శాంతించదు. తిన్న వెంటనే పశ్చాత్తాపాన్ని మిగుల్చుతుంది.

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివే విద్యార్థి ఒకడు వసతిగృహంలో ఉన్నాడనుకోవచ్చు. పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రి పదకొండు గంటలకు పుస్తకం ముందు కూర్చున్నాడు. లెక్క తెగడం లేదు. ఇంటివద్ద తండ్రి పెట్టుకొన్న ఆశలు గుర్తుకు వచ్చాయి. చేయి తనకు తెలియకుండానే పక్కనున్న చిప్స్ పొట్లంలోకి వెళ్ళింది. పొట్లం ఖాళీ అయిన తరువాతగాని తాను తింటున్న సంగతి అతనికి తెలియలేదు. రాత్రి ఎనిమిది గంటలకే అతడు కడుపునిండా భోజనం చేశాడు. ఆ సమయంలో అతనికి కలిగింది ఆకలి కాదు, భయం. భయానికి అతడు తిండి పెట్టాడు.

విసుగు, ఒంటరితనం, కోపం, దుఃఖం – ఇవన్నీ ఇలాగే ఆకలి వేషం వేసుకొని వస్తాయి. వేషం వెనుక ఉన్నది ఎవరో గుర్తించే విద్యను మనోచికిత్స నేర్పుతుంది.

మనోచికిత్స మార్గం

స్థూలకాయానికి మనస్తత్వ శాస్త్రాన్ని అన్వయించే ప్రయత్నాలు ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఊపందుకొన్నాయి. 1967లో రిచర్డ్ స్టువార్ట్ అనే అమెరికా పరిశోధకుడు, తన వద్ద చికిత్స పొందిన ఎనిమిది మంది ఏడాది కాలంలో అలవాట్లను మార్చుకొని బరువు తగ్గిన తీరును వివరించాడు. అదే దశాబ్దంలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఆలోచనలను పరిశీలించి సరిదిద్దే చికిత్సా పద్ధతిని రూపొందించాడు. ఈ రెండు ధోరణుల కలయికతో ఏర్పడిన పద్ధతిని ‘ఆలోచన – ప్రవర్తన చికిత్స’ అనవచ్చు. ఇందులో ప్రధానంగా నాలుగు మెట్లు ఉన్నాయి.

మొదటిది దినచర్య రాయడం. ఏమి తిన్నారన్నది మాత్రమే కాక, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఏ మనఃస్థితిలో తిన్నారో కూడా రాసుకోవాలి. ఇది నేరాల చిట్టా కాదు, పరిశీలన. పదిరోజులు రాస్తే తమకే తెలియని తమ అలవాట్లు బయటపడతాయి. పైన చెప్పిన విద్యార్థి రాసి ఉంటే, తన చిరుతిండి అంతా రాత్రి పది దాటాకనే అని, అదీ లెక్కల పుస్తకం తెరచినప్పుడే అని గుర్తించి ఉండేవాడు.

రెండవది పరిసరాలను మార్చడం. కంటి ఎదుట ఉన్నది నోటికి చేరుతుంది. చిరుతిండి పొట్లం బల్లమీద ఉండకూడదు. టెలివిజన్ చూస్తూ, ఫోను చూస్తూ తినకూడదు. అన్నం గిన్నె ముందు పెట్టుకొని కూర్చొనడంకంటె కావలసినంత వడ్డించుకొని గిన్నెను వంటింటిలో ఉంచడం మేలు. అన్నాన్ని పారవేయడం తప్పు అన్న సంస్కారం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. అది మంచి సంస్కారమే. అందుకే మొదటే తక్కువ వడ్డించుకోవాలి, కావాలంటే మారు వడ్డించుకోవచ్చు.

మూడవది ఆలోచనలను పరీక్షించడం. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు ఒక విచిత్రాన్ని గమనించారు. తిండిని కట్టడి చేసుకొనే విద్యార్థినులకు ముందుగా పాలతో చేసిన తీపి పానీయం ఇచ్చి, ఆ తరువాత ఐస్‌క్రీం పెట్టారు. పానీయం తాగినవారు ఐస్‌క్రీం తక్కువ తినవలసింది పోయి ఎక్కువ తిన్నారు. ‘నియమం ఎలాగూ తప్పింది, ఇక ఎంత తింటే ఏమి?’ అన్నది వారి మనస్సులోని వాదన. ఒక గారె తిన్నందుకు రోజంతా చెడిపోయిందనుకోవడం, సైకిలు చక్రానికి ఒక ముల్లు గుచ్చుకొన్నదని రెండవ చక్రాన్ని కూడా పొడుచుకోవడం వంటిది. ‘ఒక గారె తిన్నాను, అది ఒక గారె మాత్రమే’ అని అనుకోగలగడం ఈ చికిత్స నేర్పే పాఠం.

నాలుగవది జారిపాటుకు సిద్ధంగా ఉండడం. పండుగలు వస్తాయి, పెళ్ళిళ్ళు వస్తాయి, పరీక్షలు వస్తాయి. నియమం తప్పే రోజులు తప్పక ఉంటాయి. కాలు జారడం వేరు, పడిపోయి లేవకపోవడం వేరు. ఏ సందర్భంలో కాలు జారుతుందో ముందే ఊహించి ఉపాయం ఆలోచించుకొన్నవారు త్వరగా లేస్తారు.

ఎరుక – మన నేలలో పుట్టిన విద్య

ఈ నాలుగు మెట్లకూ పునాదిగా ఉండవలసిన గుణం ఒకటి ఉన్నది. కోరిక పుట్టిన క్షణాన్నే దానిని గుర్తించగలగాలి. ఈ గుణాన్ని పాళీ భాషలో ‘సతి’ అన్నారు, సంస్కృతంలో ‘స్మృతి’ అన్నారు. తెలుగులో దీనికి ‘ఎరుక’ అన్న చక్కని మాట ఉన్నది. నేడు పాశ్చాత్య దేశాలలో ‘మైండ్‌ఫుల్‌నెస్’ పేరుతో ప్రసిద్ధమైనది ఇదే.

ఈ విద్యకు రుద్రూర్ ప్రాంతంతో ఒక పాత బంధం ఉన్నది. ప్రాచీన భారతదేశపు పదహారు మహాజనపదాలలో అస్సక జనపదం గోదావరీ తీరంలో వెలసింది. దాని రాజధాని పోదన నేటి బోధన్ పట్టణమేనని పలువురు చరిత్రకారులు భావిస్తున్నారు. గోదావరి ఒడ్డున నివసించిన బావరి అనే వృద్ధ గురువు తన పదహారు మంది శిష్యులను బుద్ధుని వద్దకు పంపినట్లు ‘సుత్తనిపాతం’ అనే బౌద్ధ గ్రంథం చెబుతున్నది. వారిలో మొదట ప్రశ్నించినవాడు అజితుడు. మనిషిలో నలువైపులా పారే కోరికల ప్రవాహాలకు అడ్డుకట్ట ఏదని అతడు అడిగాడు. ఎరుకయే ఆ అడ్డుకట్ట అని బుద్ధుడు సమాధానం చెప్పాడు.

కాలువ కింద వ్యవసాయం చేసే రైతుకు ఈ పోలికను వేరుగా వివరించనవసరం లేదు. నీటిని తిట్టి ఎవరూ ఆపలేరు. కాలువను పూడ్చివేస్తే పొలం ఎండిపోతుంది. తూము దగ్గర నిలబడి, నీరు ఎంత వస్తున్నదో చూస్తూ, కావలసినంత వదలడమే తెలివి. కోరికకు, చేతికి మధ్య ఉండే తూము ఎరుక.

బౌద్ధ వాఙ్మయంలోనే ఆహారానికి సంబంధించిన మరొక కథ ఉన్నది. కోసల దేశాన్ని పాలించిన ప్రసేనజిత్తు భోజనప్రియుడు. ఆయన ఒక పూటకు ద్రోణం కొలత బియ్యపు అన్నం తినేవాడట. ఒకనాడు భోజనం ముగించి, ఆయాసపడుతూ బుద్ధుని దర్శనానికి వచ్చాడు. బుద్ధుడు ఆయనను పరిహసించలేదు, ఉపవాసం ఉండమని శాసించలేదు. ఎరుకతో మితంగా తినేవానికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని అర్థమిచ్చే ఒక చిన్న పద్యం చెప్పాడు. పక్కనే ఉన్న సుదర్శనుడనే యువకుడు దానిని నేర్చుకొన్నాడు. ప్రతిరోజూ రాజు భోజనానికి కూర్చొన్నప్పుడు ఆ పద్యం వినిపించడం అతని పని. అందుకు రాజు అతనికి రోజుకు నూరు నాణేలు ఏర్పాటు చేశాడు. క్రమక్రమంగా రాజు ఆహారం చిన్న కొలతకు తగ్గింది. ఆయన శరీరం తేలికపడింది, మనస్సు ఆనందించింది.

ఈ కథను నేటి మనస్తత్వ శాస్త్రవేత్త చదివితే అందులో తన పద్ధతులన్నీ కనిపిస్తాయి. ఇక్కడ నింద లేదు. గుర్తుచేసే మాట ఉన్నది. అది తిన్న తరువాత కాక తినే సమయంలోనే వినిపించింది. తోడుగా ఒక మనిషి ఉన్నాడు. మార్పు ఒక్కరోజులో కాక మెల్లగా వచ్చింది.

బెల్లం ముక్క పాఠం

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ ఈ ప్రాచీన విద్యను మతంతో ముడిపెట్టకుండా రోగులకు నేర్పడం ప్రారంభించాడు. ఎనిమిది వారాల ఆ శిక్షణలో ఒక ఎండుద్రాక్షను నెమ్మదిగా తినడం తొలి పాఠాలలో ఒకటి. చెరకు పండే ప్రాంతంలో ఎండుద్రాక్షకు బదులు గోరంత బెల్లం ముక్క చాలు.

ముందుగా ఆ ముక్కను అరచేతిలో పెట్టుకొని దాని రంగును, గరుకుదనాన్ని పరిశీలించాలి. ముక్కుకు దగ్గరగా తెచ్చి వాసన చూడాలి. వాసన చూడగానే నోటిలో లాలాజలం ఊరడాన్ని గమనించాలి. ‘వెంటనే నమలాలి’ అన్న తొందర పుడుతుంది. దానిని అణచకుండా, దానికి లొంగకుండా, పుట్టిందని మాత్రమే గుర్తించాలి. ఆ తరువాత నాలుకపై ఉంచుకోవాలి. తీపి ఎలా మొదలై, ఎలా పెరిగి, ఎలా తగ్గిపోతుందో చివరిదాకా గమనించాలి. తొందరలో నాలుగు ముక్కలు తిన్నా దొరకని తృప్తి ఈ ఒక్క ముక్కతో దొరకవచ్చు. తీపి పదార్థాన్ని శత్రువుగా చూడనక్కరలేదని, దానికి బానిస కానక్కరలేదని ఈ సాధన తెలియజేస్తుంది.

భోజనం విషయంలోనూ ఇదే పద్ధతి. కడుపు నిండిన కబురు మెదడుకు పూర్తిగా చేరడానికి దాదాపు పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలలో భోజనం ముగించేవాడు ఆ కబురు అందకముందే రెండింతలు తినివేస్తాడు. అందువల్ల మొదటి ముద్దకు ముందు ఒక్క క్షణం ఆగాలి. ‘ఇప్పుడున్నది కడుపు ఆకలియా, మనసు ఆకలియా?’ అని ప్రశ్నించుకోవాలి. సగం భోజనంలో మరొకసారి ఆగి కడుపును అడగాలి.

కోరిక బలంగా పుట్టినప్పుడు చేయదగిన సాధన మరొకటి ఉన్నది. అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోరికను సముద్రపు అలతో పోల్చాడు. అల లేస్తుంది, ఉచ్చస్థితికి చేరుతుంది, తనంతట తానే విరిగిపోతుంది. కోరిక కూడా శాశ్వతంగా పెరుగుతూ పోదు. కొద్ది నిమిషాలపాటు శ్వాసను గమనిస్తూ దాని రాకపోకలను చూడగలిగితే చాలు, చాలాసార్లు అది బలం తగ్గి వెళ్ళిపోతుంది.

ఫలితాలు, పరిమితులు

ఈ పద్ధతులను మంత్రదండాలుగా భావించరాదు. 1999లో జీన్ క్రిస్టెల్లర్, ఆమె సహచరుడు ప్రకటించిన పరిశోధనలో 18 మంది స్థూలకాయ స్త్రీలు ఆరు వారాలు ధ్యానశిక్షణ పొందారు. అదుపు తప్పి తినే సందర్భాలు వారిలో గణనీయంగా తగ్గాయి. బరువు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆ తరువాత జరిగిన పరిశోధనలు కూడా మొత్తంమీద ఇదే దిశను చూపుతున్నాయి. ఎరుక వల్ల తిండితో మనిషికి ఉన్న సంబంధం చక్కబడుతుంది. బరువు తగ్గడానికి ఎరుకతోపాటు సమతులాహారం, శారీరక శ్రమ కలవాలి.

అలా కలిసినప్పుడు మంచి ఫలితం వస్తుందని 2002లో అమెరికాలో ప్రకటితమైన మధుమేహ నివారణ పరిశోధన చాటింది. 3,234 మందిపై జరిగిన ఆ పరిశోధనలో ఒక వర్గానికి మితాహారం, వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం, వాటితోపాటు దినచర్య రాయడం, సమస్యలను పరిష్కరించుకోవడం వంటి అలవాట్లు నేర్పారు. వారిలో కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నై పరిశోధకులు ప్రకటించిన భారతీయ అధ్యయనంలో కూడా జీవనశైలి మార్పువల్ల ముప్పు సుమారు 28 శాతం తగ్గినట్లు తేలింది.

కొందరికి మందులు, మరికొందరికి శస్త్రచికిత్స అవసరమవుతాయి. ఇటీవల ఆకలిని తగ్గించే కొత్త సూదిమందులు కూడా వచ్చాయి. వాటిని వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడాలి. మనోచికిత్స వీటికి పోటీ కాదు, తోడు. ఎదిగే వయస్సులో ఉన్న విద్యార్థులు ఎవరో చెప్పిన కఠినమైన ఆహార నియమాలను సొంతంగా పాటించడం ప్రమాదకరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలను వెలువరించింది. ఏమి తినాలన్న ప్రశ్నకు అటువంటి ప్రామాణిక సంస్థల సమాధానాలనే ఆశ్రయించాలి. తిండిపై అదుపు తప్పుతున్నా, తిన్నది బలవంతంగా కక్కుకోవాలనిపిస్తున్నా, శరీరంపై అసహ్యం కలుగుతున్నా సంకోచించకుండా వైద్యునికి గాని, మనస్తత్వ నిపుణునికి గాని చెప్పాలి. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తోడు నిలిచే సమాజం

ప్రసేనజిత్తుకు సుదర్శనుడు తోడుగా నిలిచినట్లు ప్రతి మనిషికీ ఒక తోడు కావాలి. ఇంటిల్లిపాదీ ఫోనులు పక్కన పెట్టి కలిసి కూర్చొని నెమ్మదిగా భోజనం చేస్తే అది అందరికీ మందు. వద్దన్న అతిథికి బలవంతంగా వడ్డించకపోవడం కూడా మర్యాదే. సాయంత్రం కాలువ గట్టు వెంట స్నేహితుడితో కలిసి అరగంట నడవడానికి ఖర్చు లేదు. తరగతిలో ఒకరి శరీరాన్ని చూసి నవ్వేముందు, ఆ నవ్వు ఆ రాత్రి ఎవరి పళ్ళెంలోకి చేరుతుందో విద్యార్థులు ఆలోచించాలి.

రుద్రూర్ పొలాల్లో వరి మొక్కకు నీరు తక్కువైతే ఎండుతుంది, ఎక్కువైతే కుళ్ళుతుంది. ఎంత కావాలో తెలిసిన రైతు పొద్దున్నే పొలానికి వెళ్ళి, మడిలో నీటిని చూసి, తూము తెరవాలో మూయాలో నిర్ణయించుకొంటాడు. అతడు నీటిపై కోపగించుకోడు, మొక్కను నిందించడు. ప్రతిరోజూ చూస్తాడు. మనిషి తన దేహం పట్ల చూపవలసిన శ్రద్ధ కూడా అటువంటిదే.

కఠిన పదాలు – అర్థాలు

స్థూలకాయం = లావైన శరీరం
ఎరుక = తెలివిడి, గమనింపు
మనోవ్యథ = మనస్సులోని బాధ
లంఖణం = ఉపవాసం
ఉచ్చస్థితి = పై స్థాయి
జనపదం = ప్రాచీన కాలపు రాజ్యం
వాఙ్మయం = సాహిత్యం
ద్రోణం = ధాన్యాన్ని కొలిచే ఒక పాత కొలత
తూము = కాలువ నుంచి నీరు వదిలే ద్వారం

సంధులు

ప్రాణాధారం = ప్రాణ + ఆధారం (సవర్ణదీర్ఘ సంధి)
మితాహారం = మిత + ఆహారం (సవర్ణదీర్ఘ సంధి)
పరమౌషధం = పరమ + ఔషధం (వృద్ధి సంధి)
మనోబలం = మనః + బలం (విసర్గ సంధి)

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. స్థూలకాయ నివారణలో ఆలోచన – ప్రవర్తన చికిత్సలోని నాలుగు మెట్లను వివరించండి.
2. ‘నింద పనిచేయదు’ అన్న అభిప్రాయాన్ని పాఠ్యాంశం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కడుపు ఆకలికి, మనసు ఆకలికి గల భేదాలు తెలపండి.
2. ప్రసేనజిత్తు ఆహారపు అలవాటు మారిన విధానాన్ని రాయండి.
3. మిన్నెసోటా ప్రయోగం నిరూపించిన సత్యం ఏమిటి?
4. ఎరుకను తూముతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నిజాంసాగర్ నిర్మాణం ఏ సంవత్సరంలో పూర్తయింది?
2. అస్సక జనపదానికి రాజధాని ఏది?
3. అజితుడు ఎవరి శిష్యుడు?
4. కోరికను అలతో పోల్చిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎవరు?